ఆ గంటసేపు

నాకు థైరాయిడ్ వచ్చి పదకొండేళ్ళయింది. ఈ మాట అన్నప్పుడల్లా మా డాక్టరమ్మ నవ్వుతుంది. "థైరాయిడ్ రావడమేమిటండీ! అది పుట్టినప్పట్నుంచీ మీ గొంతులోనే ఉంది. కొత్తగా వచ్చింది దాని బద్ధకం" అంటుంది. సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుందట ఆ గ్రంథి. నా చిలుకకి రెక్కలాడించే ఓపిక పోయింది. అది చెయ్యాల్సిన పని రోజూ ఒక మాత్ర చేసిపెడుతోంది. డెబ్బై అయిదు మైక్రోగ్రాములు, అంటే గ్రాముని పదిలక్షల ముక్కలు చేస్తే అందులో 75. పులుసులో ఇంగువ కూడా ఇంతకంటే ధారాళంగా వేస్తాం.

మాత్ర మింగడం కష్టమేం కాదు. కష్టమంతా ఆ తర్వాత గంటసేపు.

"పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. తర్వాత అరగంట, కుదిరితే గంటసేపు ఏమీ తినకండి" అని మొదటిరోజే చెప్పారు. నేను శ్రద్ధగా విన్నాను. కాకపోతే 'తినడం' అంటే నా లెక్కలో ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు. కాఫీ తిండి కాదు కదా! కార్తీక సోమవారం ఉపవాసంలోనే మా ఇంట్లో కాఫీకి మినహాయింపు ఉంది. శివుడికి లేని అభ్యంతరం ఇంత చిన్న బిళ్ళకి ఉంటుందని నేనెలా అనుకుంటాను? అంచేత రెండేళ్ళపాటు మొదటి గుక్క కాఫీతోనే మింగాను. చాలా హాయిగా దిగేది.

టీఎస్‌హెచ్ మాత్రం దిగలేదు. తొమ్మిదయింది, పదకొండయింది. ఈ టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ లోంచి రాదు, మెదడు కిందనున్న మరో గ్రంథి దాన్ని నిద్రలేపడానికి పెట్టే కేక. మా అబ్బాయిని పొద్దున్నే లేపేటప్పుడు నా గొంతు ఎలా పెరుగుతుందో, ఈ అంకె అలా పెరుగుతుంది. వాడు కదలకపోయేకొద్దీ కేక పెద్దదవుతుంది.

డాక్టరమ్మ నూరు మైక్రోగ్రాములు రాయబోతూ, ఏమనుకుందో, పెన్ను ఆపింది.

"మాత్ర దేంతో వేసుకుంటున్నారు?"

"నోటితోనేనండీ."

"అది కాదు. నీళ్ళతోనేనా?"

"నీళ్ళు కూడా ఉంటాయండీ."

"దేంట్లో?"

"డికాషన్‌లో."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. కాఫీ తగిలితే మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదట. ఆ తర్వాత మొదలైంది అసలు విచారణ. టిఫినుతో కాల్షియం బిళ్ళ వేసుకుంటున్నానని, రక్తం తక్కువని ఐరన్ కూడా దాని పక్కనే వేస్తున్నానని, మంట పుడితే పైన గ్యాస్ మందు తాగుతున్నానని ఒక్కొక్కటే ఒప్పుకున్నాను. బ్యాంకుకని బయల్దేరితే గేటు దగ్గర చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పే పక్కింటావిడ ఉంటుందే, కాల్షియం, ఐరన్ అలాంటివి. మన మందుని పట్టుకుంటే వదలవు. అది రక్తంలోకి చేరకుండా వాటితోపాటే బయటికి పోతుంది. ఈ రెండు వర్గాలకీ నాలుగు గంటల ఎడం ఉండాలంది. డోసు పెంచలేదు. కాఫీని గంట వెనక్కీ, కాల్షియాన్ని మధ్యాహ్న భోజనానికీ జరిపింది. ఆరు వారాల తర్వాత చూస్తే 3.2! అప్పుడే పెంచేసి ఉంటే, ఎప్పుడో బుద్ధొచ్చి నీళ్ళతో వేసుకున్ననాడు మందు ఎక్కువై గుండె దడ పట్టుకునేదట.

ఈ తప్పు నేనొక్కదాన్నే చెయ్యలేదని తెలిశాక కొంచెం ఊరట. ఎంత డోసిచ్చినా టీఎస్‌హెచ్ దిగని కొందరి గుట్టు 2008లో ఇటలీ డాక్టర్లు బయటపెట్టారు. వాళ్ళూ మాత్రతో ఎస్ప్రెస్సో తాగినవాళ్ళే. సముద్రాలు దాటినా కాఫీవాళ్ళ కులం ఒక్కటే.

ఆ గంటసేపు ఏం చెయ్యాలో తోచక ఈ మందు చరిత్ర చదివాను. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లండు డాక్టరు, గొర్రె థైరాయిడ్ రసం తీసి ఒకావిడకి సూదితో ఎక్కించాడు. మరుసటి ఏడాదే ఇంకో డాక్టరు, గొర్రె థైరాయిడ్‌ని కాస్త వేయించి పళ్ళ జెల్లీతో నంజుకుని వారానికోసారి తింటే చాలన్నాడు. ముర్రే దగ్గరికి వచ్చినావిడ ఆ తర్వాత మరో 28 ఏళ్ళు బతికి, 74వ ఏట పోయింది. అందుకు 870 పైచిలుకు గొర్రెలు ఖర్చయ్యాయట. ఇది చదివి వినిపిస్తే మా వారు, "ఆ పద్ధతి తీసేశారా? ఆదివారాలకి బావుండేదే" అన్నారు.

మా వారంటే గుర్తొచ్చింది, పాలవాడి గొడవ. మాత్ర వేసుకున్నానా లేదా అన్నది నా దైనందిన వేదాంతం. మింగిన అయిదో నిమిషానికి సందేహం మొదలవుతుంది. అందుకని వేసుకున్న రోజల్లా వంటింటి గోడ క్యాలెండర్లో టిక్కు పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ క్యాలెండర్లోనే మా వారు పాలవాడు నాగా పెట్టిన రోజులకి టిక్కు పెడతారని నాకు తెలియదు. నెలాఖరున లెక్కచూసి, "ఇరవై ఆరు నాగాలు. నెలంతా కలిపి నాలుగు రోజులు పోశావు, ఇదిగో నీ డబ్బులు" అన్నారు. ఆ మనిషి గుమ్మంలో క్యాన్ పెట్టేసి వీధి వీధంతా వినపడేలా న్యాయం అడిగాడు. తీరా ఆరా తీస్తే, టిక్కు లేని ఆ నాలుగూ నేను మాత్ర మర్చిపోయిన రోజులు. పాలవాడు ఒక్కరోజూ మానలేదు.

నాలుగు రోజులకి కొంప మునగలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు గానీ, నిన్నటి బాకీ తీరుస్తానని ఇవాళ రెండు మింగకూడదంది డాక్టరమ్మ. ఇప్పుడు ఏడు అరల డబ్బా కొనుక్కున్నాను. పొయ్యి గట్టు మీద పెట్టాను. ఆవిరికి మాత్రలు చెడతాయని కేకలేస్తే బీరువాలోకి మార్చాను.

ఇక సలహాదారులు. పై వాటా ఆవిడ, "నార్మల్ వచ్చిందిగా వదినా, ఇంకా ఎందుకు? ఆపెయ్" అంటుంది. గొడుగు కింద తడవట్లేదు కదా అని వానలో గొడుగు మూసెయ్యమన్నట్టుంది. పెళ్ళి కుదిరిన మా అన్నయ్య కూతురు, "అత్తా, సన్నబడతారటగా, ఓ పది ఇవ్వవూ" అని సీసా మీద చెయ్యేసింది. అవసరం లేని ఒంట్లో పడితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, జాకెట్ కొలతల కోసం ఇన్ని కష్టాలా అని సీసా లాక్కున్నాను. నవ్వలేకపోయింది మాత్రం మా ఆడపడుచు కూతురి విషయంలో. నెల తప్పగానే, "కడుపుతో ఉండి మందులేమిటే" అని వాళ్ళ నాయనమ్మ మాన్పించింది. నేనే ఫోన్లో గొడవపెట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాను. బిడ్డ ఎదుగుదలకి మొదటి నెలల్లో తల్లి హార్మోనే దిక్కట. ఆపడం మాట అటుంచి, డోసు పెంచి పంపారు.

నా దినచర్య ఇప్పుడు స్థిరపడింది. అయిదున్నరకి మాత్ర. ఆరింటికి మా వారు తన కాఫీ పట్టుకుని, అంత పెద్ద ఇల్లూ వదిలేసి, సరిగ్గా నా ఎదురుగా కూర్చుని జుర్రుతారు. వాసన చూడొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు, చూస్తాను. మా హాలు గోడగడియారం అయిదు నిమిషాలు ముందుంటుంది, అది ఆయన నియమం. నేను మాత్ర ఫోన్ టైముకి వేసుకుని, కాఫీ గోడగడియారం టైముకి తాగుతాను. ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు.