ఫ్లెక్సీ మాది, స్క్రైబు మీది

రేణిగుంట నుంచి తిరుపతి పోయే రోడ్డులో గాలి ఆడే సందు లేదిప్పుడు. రెండు పక్కలా కాలేజీల ఫ్లెక్సీలే. ర్యాంకులు, ప్యాకేజీలు పాతబడినాయి కాబట్టి ఈ ఏడు కొత్త సరుకు దింపినారు: 'దివ్యాంగ స్నేహపూర్వక ప్రాంగణం'. చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి నవ్వుతా ఉన్నాడు. పక్కన కరస్పాండెంటు గారు ఇంకా ఎక్కువ నవ్వుతా ఉన్నారు. ఆ అబ్బాయి మనూరివాడు కాడు, ఇంటర్నెట్లోంచి దిగినవాడు. మన ఎండ తగిలిన మొహం అంత తెల్లగా ఉండదు.

ఇంకో ఫ్లెక్సీలో ఏకంగా బొల్లా శ్రీకాంత్ బొమ్మ. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చినప్పటి నుంచి ఆ బొమ్మకు గిరాకీ. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన ఆయన పదో తరగతి అయినాక సైన్సు గ్రూపు అడిగితే, నీకు కుదరదన్నారు. కోర్టుకెక్కి తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు పొమ్మంటే అమెరికాలో ఎంఐటీ రమ్మంది. మన చదువుల గుమ్మాలు ఎట్లా మూసుకుంటాయో సాక్ష్యం చెప్పాల్సిన మనిషిని తెచ్చి ఆ గుమ్మానికే తోరణం కట్టినారు.

ఇట్లాంటివాళ్లకు పెట్టే పేర్లకు మాత్రం కరువు లేదు. వికలాంగుడన్నారు. 2015లో ప్రధానమంత్రి రేడియోలో దివ్యాంగుడన్నారు. మన రాష్ట్ర శాఖ విభిన్న ప్రతిభావంతుడంటోంది. పేరు పొడుగయ్యే కొద్దీ దరఖాస్తులో గడి చాలడం లేదు.

ర్యాంపు సంగతి అడగొద్దు. ర్యాంపు ఉంది, దాని మీద పూలకుండీలున్నాయి. ప్రత్యేక టాయిలెట్ ఉంది, తాళం అటెండరు దగ్గరుంది, అటెండరు టీకి పోయినాడు. ఇవన్నీ ఎందుకు కట్టినారంటే కాలేజీలకు గ్రేడ్లు వేసే న్యాక్ మార్కుల కోసం. ఆ పట్టికలో ర్యాంపు, టాయిలెట్, దారి చూపే బోర్డులు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, మనిషి సాయం అని ఐదంశాలు పెట్టినారు. జియో ట్యాగ్ ఫొటోలు జతచేయాలి. ఐదిట్లో నాలుగున్నా నిండు మార్కులే. ఆ ఐదోదాంట్లోనే, చెప్పింది పరీక్షలో రాసిపెట్టే స్క్రైబు ఉన్నాడు. స్క్రైబుకు జియో ట్యాగ్ ఎట్లా కొడతారు?

మా మేనల్లుడికి చూపు లేదు. డిగ్రీ చదువుతా ఉన్నాడు, ఎకనమిక్స్. ఏ కాలేజీ అని అడగొద్దు, వాడింకా అక్కడే పాసు కావాల. సెమిస్టర్ పరీక్షల ముందు ఎగ్జామ్ సెక్షన్‌కు పోయి స్క్రైబు కావాలని అడిగినా. అక్కడి సారు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే, "స్క్రైబును మీరే తెచ్చుకోవాల సార్. మేము పర్మిషన్ ఇస్తాం" అన్నాడు.

"మరి బయట ఫ్లెక్సీ కట్టినారు కదా?"

"అది అడ్మిషన్స్ వాళ్లు కట్టినారు సార్."

సరే, తెచ్చుకుందాం. ఎవరిని? 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సొంతంగా తెచ్చుకునే స్క్రైబు చదువు, పరీక్ష రాసేవాడి చదువు కంటే ఒక మెట్టు కిందుండాలి. తెలిసినవాడైతే జవాబు తానే రాసేస్తాడని భయం. అంటే తెలియనివాణ్ణే వెతకాల. తెలియకపోవడమే అర్హతగా అడిగే పని దేశంలో ఇదొక్కటే, పైగా జీతం లేదు. (ఎమ్మెల్యే పదవి సంగతి నేనెత్తడం లేదు.)

డిగ్రీకి ఒక మెట్టు కింద ఇంటర్. ఈ జిల్లాలో ఇంటర్ చదివే పిల్లోణ్ణి పగటిపూట చూసినవాళ్లెవరన్నా ఉన్నారా? నేను చూడలేదు. ఒక రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గరికి పోయి వాచ్‌మన్‌తో విషయం చెప్పినా. ఆయన నన్ను కింది నుంచి మీద దాకా చూసి, "అమ్మా నాయన్ని చూసేదానికే నెలకొక ఆదివారం సామీ. నీకు నాలుగు గంటలు ఎవుడు ఇడుస్తాడు?" అన్నాడు. ఆ మాటలో నిజముంది. లోపలి పిల్లోళ్లకే ఎవరన్నా సాయం చేయాల.

చివరికి దొరికినాడు ఒకడు. ఇంటర్ పాసై ఎయిర్‌పోర్టు పక్క సెల్‌ఫోన్ సామాన్ల కంపెనీలో షిఫ్టుకు పోతా ఉన్నాడు. పరీక్ష రోజు కూలి పోతాది కాబట్టి ఆ కూలి నేనిచ్చేట్టు, పైన బిరియానీ తినిపించేట్టు ఒప్పందం. రెండు రోజుల ముందే స్క్రైబును కలిసి చూసుకునే వీలుండాలని మార్గదర్శకాల్లో ఉంది. మేమూ కలిసినాం, బస్టాండులో, పది నిమిషాలు, వాడి షిఫ్టు బండి వచ్చేలోపల.

పరీక్ష జరిగింది. మావాడు చెప్తా పోయినాడు, ఆ పిల్లోడు రాస్తా పోయినాడు. మధ్యలో అనుమానం వచ్చి, "ఏం రాసినావో ఒకసారి చదువప్పా" అన్నాడంట మావాడు. 'ఎలాస్టిసిటీ ఆఫ్ డిమాండ్' అని చెప్పింది 'ప్లాస్టిక్ సిటీ డిమాండ్' అయి కూర్చుంది. రెండు పేజీల నిండా ప్లాస్టిక్ సిటీలే. కొట్టివేసి మళ్లీ రాయించేసరికి అరగంట పోయింది. పిల్లోణ్ణి అనేదేముంది, ఎన్నడూ వినని మాట, రాత్రంతా షిఫ్టు చేసి వచ్చిన చెయ్యి.

ఆ తర్వాత ప్రశ్న: డిమాండ్ రేఖను పటంలో చూపుము. చూపు లేనివాళ్లకు బొమ్మల ప్రశ్న బదులు వేరే ప్రశ్న ఇవ్వాలని కూడా నిబంధనుంది. పేపర్ తయారుచేసిన మహానుభావుడికి ఆ నిబంధన కనబడలేదు, చూపు లోపం ఎవరిదో మరి. మావాడు "ఎడమ పక్క పైన మొదలుపెట్టి, కుడి పక్క కిందికి వంపుగా దించు" అన్నాడు. పిల్లోడు దించినాడు. ఇంటికొచ్చి ఎట్లా గీసినాడో మాకు కాగితం మీద చూపిస్తే అచ్చం తిరుమల ఘాట్ రోడ్డు, మలుపులతో సహా.

గంటకు ఇరవై నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఇవ్వాల. దాన్ని 'అదనపు సమయం' అనకండి, 'పరిహార సమయం' అనండి అని కేంద్రం వాళ్లు 2013లోనే చెప్పినారు. మూడు గంటలు కాగానే ఇన్విజిలేటర్ సంచి సర్దుకుంటా, "ఇంకా గంటనా? నాకు పుత్తూరు బండి పోతాది నాయనా" అన్నాడంట. ఇరవై నిమిషాలకు బేరం తెగింది.

ఇక్కడిదాకా నవ్వుతా రాసినా. ఇంక నా వల్ల కాదు. ఇది ఎవరో పెట్టే ధర్మం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్లో పరీక్షకు ఎక్కువ సమయం, స్క్రైబు అనే మాటలు అచ్చులో ఉన్నాయి. సర్టిఫికెట్లో నలభై శాతం వైకల్యం లేకపోయినా, చెయ్యి కొంకర్లు పోయి రాయలేనివాడికి స్క్రైబు ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. స్క్రైబుల జాబితా పరీక్ష పెట్టేవాళ్లే తయారు చేసి పెట్టుకోవచ్చని 2018 కాగితంలోనే ఉంది. ఇన్నేళ్లు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, 'పర్మిషన్ ఇస్తాం' అంటారా? ఎవరికి ఎవరు పర్మిషన్? ఫీజు కట్టించుకునేటప్పుడు 'డబ్బు లెక్కపెట్టేవాణ్ణి మీరే తెచ్చుకోండి' అని ఎందుకు అనలేదు? ఒక పిల్లోడు ఆరు నెలలు ఫోన్లో పాఠాలు విని విని గుర్తుపెట్టుకున్న చదువంతా, ఇంకో పిల్లోడికి ఆ రోజు షిఫ్టు మారుతుందా లేదా అనే దాని మీద వేలాడుతుంటే మీకు నిద్ర ఎట్లా పడుతుంది? చట్టాన్ని మొదటిసారి మీరితే జరిమానా పది వేల దాకా. పది వేలు! కాలేజీ బస్సుకు నాలుగు టైర్లు రావు.

2025 ఆగస్టులో ఢిల్లీ నుంచి ఇంకో సవరణ దిగింది, పోటీ పరీక్షల మీద. సొంత స్క్రైబులతో మోసాలు జరుగుతున్నాయి కాబట్టి పరీక్ష పెట్టేవాళ్లే రెండేళ్లలో సొంత జాబితాలు చేసుకోవాలంట. మంచిదే. మోసం జరుగుతుందనే భయం పుట్టినాకే జాబితా గుర్తొచ్చింది. పిల్లోడు బస్టాండులో నిలబడితే గుర్తు రాలేదు.

మళ్లీ సెమిస్టర్ దగ్గరికొచ్చింది. సెల్‌ఫోన్ కంపెనీ పిల్లోణ్ణి పర్మనెంటుగా పగటి షిఫ్టుకు మార్చినారు. కొత్తవాడి కోసం తిరుగుతా ఉంటే మొన్న కాలేజీ నుంచే ఫోన్ వచ్చింది. జాబితా చేసినారేమోనని ఆశగా ఎత్తినా. డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవమంట, ముఖ్య అతిథి వస్తా ఉన్నారంట, మావాడు స్టేజీ మీద ఒక పాట పాడాలంట. వాడికి పాడేది రాదయ్యా అంటే, "చూపు లేనోళ్లకు గొంతు బాగుంటాది కదా సార్" అన్నారు.

ఫోన్ పెట్టి సంగతి చెప్తే మావాడు కాసేపు ఆలోచించి అడిగినాడు: "పాటకు స్క్రైబును వాళ్లే ఇస్తారంటనా మామా?"