సీరియల్ వంటింటి చిట్కాలు: కొత్త రచయితలకు పది సులువులు

డైలీ సీరియల్ రాయడానికి కథ అక్కర్లేదు. వంటిల్లు, డైనింగ్ టేబులు, కాఫీ ట్రే ఉంటే చాలు. అర్ధగంట స్లాట్ లెక్క చూడండి. గంటకు 12 నిమిషాలు దాటి ప్రకటనలు వెయ్యకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ లెక్కన 6 నిమిషాలు తీసెయ్యండి. టైటిల్స్, నిన్నటి కథ, రేపటి ప్రోమో కూడా తీసేస్తే మీరు నింపాల్సింది ఏ ఇరవై నిమిషాలో. అందులో పదిహేను తిండికీ కాఫీకీ అప్పజెప్పారంటే ఇక మీ బుర్రకి పనుండదు. కింది పది సూత్రాలూ వరసగా పాటించండి.

1. మనుషుల్ని కాఫీతో తిప్పండి.

ఇద్దరు రహస్యం మాట్లాడుకుంటున్న గదిలోకి మూడో మనిషి రావాలి. ఎందుకొచ్చిందో కారణం వెతుకుతూ కూర్చోకండి. కోడలి చేతిలో కాఫీ ట్రే పెట్టి పంపించెయ్యండి. గుమ్మం దగ్గర ఆగుతుంది, వినాల్సింది వింటుంది, కళ్లనీళ్లు పెట్టుకుని వెనక్కి వెళ్తుంది. సీన్ అయిపోయింది. రాత్రి పదకొండింటికి కాఫీ ఎవరు అడిగారని డైరెక్టరు ప్రశ్నిస్తే, "మావయ్యగారికి తలనొప్పి" అని చెప్పండి. ఇంట్లో ఒకరికి ఎప్పుడూ తలనొప్పి ఉండేలా మొదటి ఎపిసోడ్‌లోనే ఏర్పాటు చేసుకోండి. ఆ తలనొప్పికి డాక్టర్ని మాత్రం పిలవకండి. తగ్గిపోతే మీకు నష్టం.

2. కప్పులో ఏమీ పొయ్యకండి.

నిజం కాఫీ పోయిస్తే చల్లారుతుంది, ఒలుకుతుంది, చీర మీద పడుతుంది. ఖాళీ కప్పు ఎటు తిప్పినా ఇబ్బంది లేదు. అత్తగారు ఆవేశంగా మాట్లాడుతూ కప్పుని గాల్లో ఊపినా చుక్క పడదు. బరువు లేని కప్పుని చూసేవాళ్లు ఇట్టే పోల్చేస్తారు, పోల్చనివ్వండి. యూనిట్ వాళ్లు తాగి వదిలేసిన పేపర్ కప్పుల్ని కూడా ఫ్రేములోంచి తియ్యమని ఒత్తిడి చెయ్యకండి. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిదో సీజన్‌లో రాజులూ రాణులూ కూర్చున్న బల్ల మీద ఈ కాలపు కాఫీ కప్పు కనపడితే ప్రపంచమంతా దాని గురించే మాట్లాడింది. ఆ ఛానల్ వాళ్లు తర్వాత పూనుకుని కప్పుని చెరిపేశారు. మీరు చెరపకండి. జమీందారు గారి పక్కనే ఉంచండి.

3. ట్రేని కింద పడేయించండి.

ఏ చెడువార్త విన్నా చేతిలో ఉన్నది జారిపోవాలి. పళ్లెం, పాలగిన్నె, పూజకి కొట్టిన కొబ్బరిచిప్పలు, ఏదైనా సరే. ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరి మొహం ఆరు సెకన్లు చూపించి, అదే మూడుసార్లు తిప్పి వేస్తే 162 సెకన్లు. రెండున్నర నిమిషాల పైచిలుకు కథ ఒక్క మాట రాయకుండా వచ్చేసింది. పళ్లెం పడటాన్ని మూడువైపుల నుంచి చూపిస్తే మూడు నిమిషాలు దాటుతుంది. ఆ మెతుకులు ఎవరు ఎత్తారో చూపించకండి. తర్వాతి సీన్‌లో నేల అద్దంలా మెరుస్తూ ఉండాలి.

4. ఎవర్నీ ముద్ద మింగనివ్వకండి.

సినిమావాళ్లూ టీవీవాళ్లూ భోజనం సీన్లకి భయపడటానికి అసలు కారణం కంటిన్యుటీ. ఒక టేక్‌లో నటుడు మూడు ముద్దలు తింటే, తర్వాతి టేక్‌కి ఆ మూడు ముద్దలూ మళ్లీ పళ్లెంలోకి రావాలి. సాంబారు గీత ఎక్కడుందో, అప్పడం ఎంత విరిగిందో అసిస్టెంట్ డైరెక్టర్లు ఫొటోలు తీసుకుని మరీ సరిపెట్టాలి. ఈ బాధ లేకుండా చెయ్యండి. అందరూ కూర్చుంటారు, కోడలు వడ్డిస్తుంది, తొలి ముద్ద నోటిదాకా వెళ్లేసరికి ఎవరో ఒకరు "ఆగండి!" అనాలి. అందరూ చేతులు కడుక్కుని లేస్తారు. మధ్యాహ్నం లేచినవాళ్లని రాత్రి మళ్లీ అక్కడే కూర్చోబెట్టి మళ్లీ లేపండి. ఇలా ఏళ్ల తరబడి పస్తులున్న కుటుంబం ఎవరూ ఒక్క కిలో తగ్గకుండా ఉండటం మీకు కలిసొచ్చే విషయం.

5. పాయసంలో ఏదో ఒకటి కలిపించండి.

చిన్నత్తో, ఆడపడుచో, మేనత్త కూతురో పసుపురంగు పొట్లం విప్పి పాయసంలో కలపాలి. పొట్లంలో ఏముందో చెప్పకండి. చెబితే ఎంత మోతాదుకి ఏమవుతుందో తెలుసుకోవాలి, అది చదువుకునే పని. ఆ గ్లాసు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి మారుతూ వారం రోజులు తిరగాలి. చివరికి కలిపినావిడే తాగాలి, కళ్లు తిరిగి పడాలి, లేచాక కొత్త పగతో మొదలెట్టాలి. పై వారం పండక్కి వంట బాధ్యత మళ్లీ ఆవిడకే ఇవ్వండి. ఎందుకిచ్చారని ఇంట్లో ఏ ఒక్కరూ అడగకూడదు. విషం మరీ ఎక్కువనిపిస్తే కోడలి కూరలో గుప్పెడు ఉప్పు వేయించండి. అదే పొట్లం, అదే దొంగచూపు, అదే నేపథ్య సంగీతం.

6. వంటకి పేరు పెట్టకండి.

స్క్రిప్ట్‌లో "రకరకాల వంటలు" అని రాసి వదిలెయ్యండి. రాయలసీమ ఇల్లని చెప్పి రాగిసంగటి అన్నారా, దాన్ని ముద్ద చేసే తీరు చూపించాలి. తెలంగాణ ఇల్లని చెప్పి సంక్రాంతికి సకినాలు అన్నారా, వాటిని చేత్తో చుట్టడం వచ్చిన మనిషిని తేవాలి. గోదావరి పక్క ఊరని పులస పేరెత్తితే అది దొరికే కాలం తెలియాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పెట్టే ప్లాస్టిక్ యాపిల్ పళ్లు మూడు ప్రాంతాలకీ సరిపోతాయి. మీ ఇల్లు ఏ జిల్లాలో ఉందో చూసేవాళ్లకి చివరిదాకా తెలియకూడదు.

7. రీమేక్ అయితే రొట్టెల్ని కదపకండి.

తెలుగులో వచ్చే సీరియళ్లు చాలా ఇతర భాషలవి. 'ఇంటింటి గృహలక్ష్మి' బెంగాలీ 'శ్రీమయి' నుంచి వచ్చింది. 'కార్తీకదీపం' మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చింది. భాష మారినప్పుడు వంటిల్లు కూడా మార్చాలని కొందరు శ్రమపడతారు. మీకెందుకు? మూలంలో పొద్దున్నే పూరీలూ మిఠాయీ తింటే ఇక్కడా అవే తినిపించండి. పెసరట్టు గురించి ఆలోచించే సమయంలో మీరు ఇంకో ఎపిసోడ్ దింపుకోవచ్చు.

8. సరుకుల బిల్లు రానివ్వకండి.

వ్యాపారం మునిగి, ఇల్లు జప్తుకి వచ్చినా టేబుల్ మీద పది గిన్నెలు తగ్గకూడదు. 'బిగ్ బాస్' ఇంట్లో సరుకులు లెక్కగట్టి ఇస్తారు కాబట్టి అక్కడ ఒక్క గుడ్డు కోసం జరిగే గొడవ కూడా జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ ఆకలి నిజమైంది, ఆ పంపకం నిజమైంది. అలాంటిది మీ సీరియల్‌లో పెడితే ఎవరు ఎవరి వాటా తిన్నారో, ఎవరు తమ వాటా దాచి ఇంకొకరికి పెట్టారో రాయాల్సి వస్తుంది. అంటే మనుషుల గుణాలు రాయాల్సి వస్తుంది. గిన్నెలు నింపెయ్యండి, ఆ బెడద తప్పుతుంది.

9. హీరోకి ఒక రాత్రి తాగించి, ఆడవాళ్లకి ఒక రోజు ఉపవాసం పెట్టించండి.

హీరో గ్లాసులోది టీ డికాక్షనే, కానీ కింద హెచ్చరిక అక్షరాలు పడతాయి కాబట్టి జనం నమ్ముతారు. తెల్లారి అతనికి రాత్రి జరిగిందేదీ గుర్తుండకూడదు. ఆ మరుపు మీద మూడు వారాలు నడుస్తుంది. ఉపవాసానికి అట్లతద్ది అనువైన పండగ. ఆశ్వయుజ బహుళ తదియనాడు పగలంతా పస్తుండి, చంద్రుణ్ని చూశాక గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టి, ముత్తయిదువకి వాయనం ఇస్తారు. తెల్లవారుజామున లేచి చద్దన్నం తినడం, ఆడపిల్లలు ఉయ్యాలలూగడం లాంటి సందడి రాయబోయి అలసిపోకండి. చంద్రుడికి మబ్బు అడ్డం పెట్టి వారంపాటు రానివ్వకండి. తదియ వారం రోజులుంటుందా అని అడిగేవాళ్లు అడుగుతారు.

10. మంచి సీరియళ్లని చూడకండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం'లో ఒక హోటలుంది. పేరు అమృత విలాస్. అమృతరావు, ఆంజనేయులు, సర్వం ఆ హోటల్ని నమ్ముకుని బతుకుతారు. వంట బాగోదు, అప్పులు తీరవు, ఇంటి ఓనరు అప్పాజీతో తంటా. చెడ్డ వంట వల్లే కథ పుడుతుంది, వారం వారం కొత్తగా పుడుతుంది. స్టార్ మాలో 2017లో మొదలైన 'కార్తీకదీపం'లో దీప వంట చేసి బిడ్డని పెంచుకుంటుంది. అనుమానించిన భర్త ముందు చెయ్యి చాచకుండా పొయ్యి ముందు నిలబడుతుంది. అందుకే ఊరూరా ఆమెని వంటలక్క అన్నారు. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ ఎక్కడ కనపడినా అదే పిలుపు. అమెరికా వాళ్ల 'ఫ్రెండ్స్'లో సెంట్రల్ పెర్క్ అనే కాఫీ షాపుంది. 1994 నుంచి పదేళ్లు ఆరుగురు స్నేహితులు అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుంటే, ఆ సోఫాలో తామూ కూర్చున్నట్టు జనం అనుకున్నారు. ఈ మూడింట్లోనూ తిండికి ఒక పని ఉంది. ఒకచోట బతుకుతెరువు, ఒకచోట ఆత్మాభిమానం, ఒకచోట చెలిమి. ఇవి చూస్తే మీకూ అలా రాయాలనిపిస్తుంది. అనిపిస్తే పాత డ్రాఫ్టులు చించాలి, హోటల్లో వంటమాస్టరు పక్కన ఒక పూట నిలబడాలి, వందమందికి ఎన్ని కిలోల బియ్యం పడతాయో అడగాలి. టీవీ కట్టేసి పడుకోండి.

అడిగినవాళ్లకి చెప్పాల్సిన జవాబులు

"వీళ్లెప్పుడూ తినరేంటి?" అంటే, "భావోద్వేగం" అనండి. "ఈ పాయసం సీన్ పోయిన నెలా వచ్చింది కదా?" అంటే, "అప్పుడు సేమ్యా, ఇప్పుడు సగ్గుబియ్యం" అనండి. "మా ఇళ్లల్లో ఇలా ఉండదు" అని ప్రేక్షకురాలు రాస్తే, ఆమె రోజూ చూస్తోందన్నమాటే కదా అని ఛానల్‌కి చూపించండి. ఛానల్ వాళ్లే అడిగితే, తప్పంతా వంటపాత్రలు సరిగా తేని ప్రొడక్షన్ వాళ్ల మీద తోసెయ్యండి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

గురువారం వచ్చే రేటింగులు చూసుకోండి. అంకె తగ్గిందంటే చిట్కాలు పనిచేస్తున్నట్టు. కొన్నాళ్లకి మిమ్మల్ని రాత్రి స్లాట్ నుంచి మధ్యాహ్నానికి మారుస్తారు. అక్కడ ఎవరూ మిమ్మల్ని నిలదియ్యరు, హాయి. ఇంకొన్నాళ్లకి, వారం రోజుల్లో ముగించమని ఫోన్ వస్తుంది. అప్పుడు అందర్నీ ఒక విందులో కూర్చోబెట్టి, విస్తళ్లు వేయించి, వడ్డన పూర్తికాకముందే 'శుభం' వెయ్యండి. మర్నాడే పాత ఫైలు తెరవండి. మావయ్యగారి తలనొప్పిని బాబాయిగారికి మార్చండి, కోడలికి కొత్త పేరు పెట్టండి, పాయసం బదులు పరమాన్నం అని దిద్దండి. మధ్యాహ్నానికల్లా ఇంకో ఛానల్‌కి పంపించెయ్యండి.