ఆకుపచ్చ చుక్క, ఎర్ర చుక్క

రోడ్డు పక్క చెట్టుకు ఈ కాలంలో మనిషికి లేని మర్యాద దక్కుతోంది. నాటిన రోజే ఫొటో దిగుతుంది. అక్షాంశ రేఖాంశాలతో సహా సర్వర్‌లోకి ఎక్కుతుంది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2020లో ‘హరిత్ పథ్’ అనే యాప్ తెచ్చి, ప్రతి మొక్క చోటు, జాతి, ఎదుగుదల, పోషణ అన్నీ అందులో నమోదు చేస్తామంది. కాబట్టి ఫలానా చెట్టు ఎక్కడుందో మాకు తెలియదని ఇక ఏ అధికారీ అనలేడు. తెలిసే నరికిస్తున్నారన్నమాట.

తెలంగాణలో ఒక మామూలు గ్రామ పంచాయతీ సంగతే చూద్దాం. 2015లో హరితహారం మొదలైంది. ఇప్పుడది వనమహోత్సవం. పేరు మారింది కానీ గుంత మారలేదు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే సర్పంచీ, కార్యదర్శీ జవాబు చెప్పుకోవాలి. ఇంతకీ నాటేదెక్కడ? రోడ్డు మీద నాటలేరు. పొలం గట్టున నాటుదామంటే నీడకు పంట దెబ్బతింటుందని రైతు ఒప్పుకోడు. రెండింటికీ మధ్య మిగిలింది నాలుగడుగుల జాగా. ఆ జాగాలోనే 11 కేవీ స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. ఉపాధి హామీ కూలీలు సరిగ్గా తీగల కింద, తాడు పట్టినట్టు, గుంతలు తీస్తారు. త్వరగా పచ్చగా కనపడాలి కాబట్టి తురాయో, నిద్రగన్నేరో నాటుతారు. ఫొటో తీస్తారు. పంచాయతీ మ్యాపులో ఆకుపచ్చ చుక్క పడుతుంది. అందరూ సుఖంగా నిద్రపోతారు.

చెట్టు మాత్రం నిద్రపోదు. దానికి తెలిసిన పని పెరగడమొక్కటే. నాలుగైదేళ్లకు తీగను అందుకుంటుంది. గాలి దుమారం లేచిన రాత్రి కొమ్మ తగిలి ఫీడర్ ట్రిప్పవుతుంది. ఊరు ఊరంతా ఫోన్ చేసేది లైన్‌మన్‌కే. మర్నాడు పేపర్లో ప్రకటన: చెట్ల కొమ్మల తొలగింపు కారణంగా కరెంటు ఉండదు, వినియోగదారులు సహకరించగలరు. సహకరించక ఏం చేస్తాం? లైన్‌మన్ కరెంటు ఆపించే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, గెడకర్రకు కొడవలి కట్టించి, తీగవైపు ఉన్న కొమ్మలన్నీ కొట్టిస్తాడు. చెట్టు సగం గుండుతో, సగం జుట్టుతో నిలబడుతుంది. బరువంతా ఒకే పక్కకు చేరడంతో తర్వాతి గాలివానకు రోడ్డు మీదికి ఒరుగుతుంది. కరెంటు వాళ్ల మ్యాపులో దాని చుక్క రంగు ఎరుపు.

ఒకే చెట్టు, రెండు చుక్కలు. ఒక ఆఫీసులో విజయం, ఇంకో ఆఫీసులో ప్రమాదం. రెండు చోట్లా బిల్లు పాసవుతుంది.

మ్యాపుల్లో ఈ చుక్కలు పెట్టే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అనే శాస్త్రం అసలు పుట్టిందే ఒక పొర మీద ఇంకో పొర వేసి చూడటానికి. రోడ్ల పొర, తీగల పొర, చెట్ల పొర, నేల పొర. ఉపగ్రహ చిత్రాలు కావాలా? జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. ‘భువన్’ పటాలు 2009 నుంచి ఉన్నాయి. లేజర్ కిరణాలు పంపి ఆకుకూ తీగకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లుందో లెక్కగట్టే లైడార్ కూడా ఉంది. మన దగ్గర లేని పొర ఏదీ లేదు. లేనిదల్లా ఒకదాని మీద ఒకటి పరవడం. పొరలు కలవాలంటే ముందు శాఖలు కలవాలి కదా! దానికో లేఖ, లేఖకో జ్ఞాపిక, జ్ఞాపికకో వీడియో కాన్ఫరెన్స్. ఈలోగా చెట్టు ఇంకో మూడడుగులు పెరుగుతుంది. తీగకు చెట్టు తగులుతుందని మెడ ఎత్తి చూసి చెప్పగల లైన్‌మన్ ఊళ్లోనే ఉన్నాడు. గుంత తవ్వే రోజున అతన్ని పిలవాలని ఎవరికీ తట్టదు. డ్రోన్ కొనాలని మాత్రం అందరికీ తడుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బేం కాదు. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో వేడికి వేలాడిన 345 కేవీ తీగలు కింద ఎదిగిన చెట్లకు తగిలాయి. అలారం వ్యవస్థ కూడా అప్పుడే మొరాయించింది. ఆ సాయంత్రానికి కెనడాతో కలిపి సుమారు 5 కోట్ల మంది చీకట్లో ఉన్నారు. అంత దెబ్బ తిన్నాక ప్రధాన లైన్ల కింద చెట్ల నిర్వహణను అక్కడ తప్పనిసరి నిబంధన చేశారు. పాటించని కంపెనీకి జరిమానా పెట్టారు. గమనించండి, చెట్టుకు కాదు, కంపెనీకి.

మనం శిక్ష చెట్టుకు వేస్తున్నాం. చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గుంత తవ్వకముందే తీగల పొర తెరిచి చూడాలి. తీగ కింద గన్నేరు, నందివర్ధనం లాంటి పొట్టివి పెట్టి, తీగ లేని వైపు రావి, వేప నాటాలి. ఇది చెప్పడానికి కన్సల్టెన్సీ అక్కర్లేదు.

అయినా టెక్నాలజీ మీదే అంత ప్రేమ ఉంటే ఒక చిన్న సవరణ చేయండి. యాప్‌లో ఆ చుక్క మీద నొక్కితే చెట్టు జాతి వస్తోంది, చోటు వస్తోంది, ఫొటో వస్తోంది. ఇంకొక్క గడి చేర్చండి: ఇక్కడ నాటమని సంతకం పెట్టిందెవరు? కొట్టించిన ఖర్చు ఆ పేరు పక్కనే పడేలా చూడండి. ఒక్క సీజన్ చాలు, రాష్ట్రంలో తీగ కింద గుంత తవ్వించే అధికారి భూతద్దం పెట్టి వెతికినా దొరకడు.