పాక గోడకు పెళ్లి గిన్నె

వంటింటి గుమ్మం నుంచి పశువుల పాక గోడకు కొట్టిన మేకు దాకా పది అడుగులుంటుంది. ఆ పది అడుగులూ దాటి నేను మళ్లీ ఇంట్లోకి వెళ్లి చాలా ఏళ్లయింది. పాకలో ఇప్పుడు పశువులు లేవు. మడత పెట్టిన గోనెసంచులు, పార, మోకు, వాటి మధ్య మేకుకు నేను. పరాయివాళ్లు చూస్తే, ఇంత మంచి స్టీలు బేసినుని ఇలా బయట పడేశారేమిటి అనుకుంటారు. నన్ను పడేయలేదు, వేరుగా ఉంచారు. ఆ తేడా చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

మాది యానాంలోని అగ్రహారం. పాలన పుదుచ్చేరిది, నీళ్లు ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువలవి. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల బతుకంతా సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటల మధ్యే నడుస్తోంది. పెళ్లిళ్లకు కూడా పేరున్న చోటిది. 1929లో శారదా చట్టం వచ్చాక, బ్రిటిషువారి ఏలుబడిలో ఉన్న పల్లెల నుంచి పిల్లల పెళ్లిళ్లు చేయడానికి ఫ్రెంచివారి యానాం వచ్చేవారట. అందుకే దీన్ని కల్యాణపురం అనేవారు. నేనూ పెళ్లి సామానుగానే ఈ ఊరొచ్చాను. కాకపోతే అది చాలా తర్వాతి కాలపు పెళ్లి, పెళ్లికూతురికి యుక్తవయసు నిండాక జరిగిన పెళ్లి.

ఆవిడ పుట్టింటివాళ్లు నన్ను కొని, నా అంచు కింద ఆవిడ పేరు కొట్టించారు. సామాన్ల కొట్టులో కుర్రాడు చిన్న ఉలి పట్టుకుని, సుత్తితో టకటకా చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయాడు. ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత ఆవిడ పేరు, చివర పెళ్లి తేదీ. ఒక్కో చుక్కా ఆవగింజలో సగం లోతు ఉంటుంది. ఆ చుక్కల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది. నేను ఆవిణ్ణి అమ్మ అంటాను, ఆవిడ భర్తని అయ్య అంటాను.

పదేళ్ల పైన నా బతుకు వంటింట్లోనే. బియ్యం కడగడం, సంక్రాంతికి అరిసెల పిండి కలపడం, ఆవకాయ రోజున ముక్కలకు కారం పట్టించడం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొట్టింది. తెల్లారేసరికి వీధిలో సగం ఇళ్లకు కప్పుల్లేవు. అమ్మ మూడు రోజులు నా నిండా గంజన్నం కలిపి అరుగు మీద పెట్టింది. ఎవరి చేతులు పడ్డాయో లెక్కలేదు. అన్నం పెట్టిన గిన్నెనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

కలుపుతో నా పరిచయం కూడా అన్నంతోనే మొదలైంది. అయ్యకు ఎకరంన్నర చేను. నాట్లు వేసిన ఇరవై రోజులకు ఒకసారి, నలభై రోజులకు ఒకసారి కలుపు తీయించేవారు. పది పన్నెండు మంది ఆడవాళ్లు చీరలు మోకాళ్ల పైకి దోపుకుని వరసగా దిగేవారు. పదకొండు గంటల వేళకు అమ్మ నా నిండా చద్దన్నం, మీద ఉల్లిపాయలు పెట్టి, గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి తెచ్చేది. నేను అక్కడ కూచుని చూసేదాన్ని.

కలుపంటే ఏదో ఒక్క గడ్డి అనుకునేవారు మా చేనికి రావాలి. ఊద, తుంగ, గుంటగలగర, అగ్నివేంద్రపాకు, పొన్నగంటి. అందులో ఊద పెద్ద దొంగ. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, వరి దుబ్బులోనే నిలబడి వరికి వేసిన ఎరువు తింటుంది. ఆ వరసలో ఒక ముసలావిడ ఉండేది. అప్పటికే ఆవిడకు చూపు మందగించింది. దుబ్బులో చెయ్యి పెట్టి, ఆకు కాండానికి అంటుకునే చోట బొటనవేలితో ఒక్కసారి తడిమేది. వరికి అక్కడ పల్చటి నాలుకలాంటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. పక్కన కొత్తగా వచ్చిన పిల్ల వరినే పీకేస్తుంటే అరిచేది.

"ఏమే పిల్లా, నాలిక చూడవే! నాలికున్నది వరే, లేనిది ఊద."

"ఆయ్, చూత్తన్నానండి అవ్వా."

పొద్దుటి నుంచీ నీళ్లలో నానిన ఆ చేతులు అన్నం ముద్ద పట్టుకోవడానికి నా దగ్గరికి వచ్చేవి. వేళ్లు ముడతలు పడి తెల్లబడేవి, గోళ్ల మధ్య బురద. నడుం పట్టేసి కొందరు నిలబడే తినేవారు. ఆ పని అందంగా ఉండేదని, పాటలతో సాగిపోయేదని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. పాటలుండేవి, నిజమే. నడుం నొప్పి పాటతో పోయేది కాదు.

తర్వాత ఆ వరస పల్చబడింది. కొందరు రొయ్యల షెడ్లకు వెళ్లారు, ఇద్దరు కువైట్ వెళ్లారు, ముసలావిడ కన్నుమూసింది. పన్నెండు మంది ఉన్న చోట నలుగురు దొరికేవారు, అదీ ఇరవయ్యో రోజు కాక ముప్ఫయ్యో రోజున. అప్పటికి ఊద వరిని దాటిపోయేది. అయ్య మందు వైపు తిరిగింది అప్పుడే. మొదట్లో బ్యూటాక్లోర్ ద్రవం ఇసుకలో కలిపి చల్లేవాడు, దానికి ప్లాస్టిక్ టబ్బు ఉండేది. ఒక సార్వాలో నాటు వేసిన నాలుగో రోజున ఆ టబ్బు అడుగు చీలింది. అదే రోజు కొట్టు నుంచి గుళికల సంచులు తెచ్చాడు. నేను గట్టు మీదే ఉన్నాను, అప్పుడే ఖాళీ అయ్యాను.

"ఇదిగో, ఆ బేసిను ఇలా ఇయ్యి."

"అది నా పెళ్లి గిన్నె అండీ."

"ఒక్క పూటేగా. కాలవలో కడిగేస్తాలే."

అమ్మ ఇంకేమీ అనలేదు. నన్ను అందించింది.

మా ఊళ్లో గుళికలంటే అందరికీ మొవ్వు పురుగుకు వేసే గుళికలే గుర్తొచ్చేవి. ఇవి వేరు, ఇవి కలుపు గుళికలు. బెన్‌సల్ఫ్యూరాన్ మిథైల్ 0.6 శాతం, ప్రెటిలాక్లోర్ 6 శాతం కలిసినవి. ఎకరాకు 4 కిలోలు, 20 కిలోల పొడి ఇసుకలో కలపాలి. మా ఎకరంన్నరకు 6 కిలోల గుళికలు, 30 కిలోల గోదావరి ఇసుక. నాటిన మూడు నుంచి ఐదు రోజుల లోపే చల్లాలి. చేతికి తొడుగు వేసుకోవాలని సంచిలోని కాగితం మీద రాసి ఉంది. ఆ పూట అయ్య పాలిథిన్ సంచి ఒకటి చేతికి కట్టుకున్నాడు. అది కూడా అమ్మ పోరు పెడితేనే.

ఎత్తుకున్న ప్రతిసారీ నాలో ఆరేడు కిలోల ఇసుక పోసేవాడు. గుప్పెడు తీసి, మణికట్టు విదిలించి, అర్ధచంద్రంలా విసిరేవాడు. ఒకచోట ఎక్కువ పడకూడదు, ఒకచోట అసలు పడకుండా ఉండకూడదు. గింజ నీళ్లలో పడ్డప్పుడు చిన్న చప్పుడొస్తుంది, పలచటి వాన మొదలైనట్టు. నీళ్లు రెండంగుళాలు మించి ఉండకూడదు, అలాగని బురద బయటపడకూడదు. చల్లాక రెండు మూడు రోజులు తూములు మూసే ఉంచాలి. ఉన్న నీళ్లు బయటికి వదలకూడదు, కొత్త నీళ్లు పెట్టకూడదు.

ఇదంతా ఎందుకో, ఆ తర్వాత వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన అమ్మాయి గట్టు మీద కూచుని చెబితే విన్నాను. నీళ్లలో మునిగిన గుళిక తడిసి విచ్చుకుంటుంది. మందు నీళ్లలో కలిసి, బురద పైపొరలో పలచగా పరుచుకుంటుంది. ఏడాదిలో పుట్టి, గింజ రాల్చి, చచ్చిపోయే కలుపు ఏదైనా ఆ పైపొరలోనే మొలకెత్తాలి. మొలక ఆ పొరను చీల్చుకుని పైకి రాబోతుంటే మందు పట్టేస్తుంది. ప్రెటిలాక్లోర్ మొలకలో కొన్ని పొడవాటి కొవ్వు ఆమ్లాలు తయారు కాకుండా ఆపుతుంది, దాంతో మొలక సాగలేదు. బెన్‌సల్ఫ్యూరాన్ తుంగజాతి మొలకల్లో, వెడల్పాకు మొలకల్లో కొన్ని అమైనో ఆమ్లాలను ఆపుతుంది. మరి వరి ఎందుకు బతుకుతుంది? నాటిన నారు వయసు అప్పటికే నెల దగ్గర పడుతుంది, దాని వేళ్లు ఆ పొర కిందికి దిగి ఉంటాయి. పైగా ఈ మందుల్ని తనలో విరగ్గొట్టుకునే శక్తి వరికి ఉంది.

"అంటే మొలిచాక వేస్తే లాభం లేదా అమ్మా?" అడిగాడు అయ్య.

"మూడాకులు వచ్చాక దాని మీద పనిచేయదు బాబాయ్. గరికకి, గడ్డ తుంగకి అసలు పనిచేయదు, అవి గింజ నుంచి కాదు కదా, వేరు నుంచీ గడ్డ నుంచీ లేస్తాయి."

ముసలావిడ బొటనవేలితో ఇరవై రోజుల తర్వాత చేసిన పనిని, ఈ గుళిక మొలక కంటికి కనపడక ముందే చేస్తోంది. ఆ సార్వాలో మా చేను చూడ్డానికి పక్క రైతులొచ్చారు. దుబ్బుల మధ్య నీళ్లు అద్దంలా ఉన్నాయి. నిజం చెప్పాలి కదా, నాకు సంతోషం వేసింది.

ఇంటికొచ్చాక జరిగిందే నా జాతకం మార్చింది. అయ్య నన్ను బూడిదతో, గడ్డితో తోమి, మూడుసార్లు జాడించి, వంటింటి గుమ్మంలో పెట్టాడు. అమ్మ తీసుకుంది. వెలుగులోకి తిప్పి చూసింది. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే తడుముకుంటూ వెళ్లింది. రెండో అక్షరం దగ్గర ఆగింది. ఒక చుక్కలో, ఆవగింజలో సగం లోతున్న ఆ గుంటలో, బూడిదరంగు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. పిన్నీసు తెచ్చి గుచ్చి తీసింది. అది ఇసుకో, గుళికో ఆవిడకు తెలియలేదు. పక్క చుక్కలో ఇంకోటి. ఆవిడ పిన్నీసు కింద పెట్టేసింది.

"ఇంక ఇది ఇంట్లోకి రాదండీ."

"తోమాను కదా."

"పిల్లలు తినే గిన్నె. నా పేరులో ఇరుక్కుంది చూడండి. ఎన్ని చుక్కలని గుచ్చుతాను?"

మర్నాడు మేకుతో నా అంచుకు బెజ్జం కొట్టించింది. బెజ్జం ఉన్న గిన్నెను తెలియనివాళ్లు కూడా వంటకు తీసుకోరని. ఆ దెబ్బ తగిలినప్పుడు బాధ పడ్డాను. ఆవిడ చేసింది తప్పని ఒక్కరోజు కూడా అనుకోలేదు. కలుపు మందు కలిపిన గిన్నెలో సాయంత్రం పాలు పోసిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్ల సంగతి తలుచుకుంటే నా బెజ్జం నాకు నొప్పి అనిపించదు.

మందు ప్రతి ఏడాదీ గెలవలేదు. మావి కాలువ చివరి శివారు భూములు. ఒక దాళ్వాలో చల్లిన రెండో రోజుకే కాలువ దిగిపోయింది. నాలుగో రోజుకు మడి ఎండి నెర్రెలు విచ్చింది. నెర్రె పడితే మందు పొర తెగినట్టే. ఆ నెర్రెల వెంట గీత గీసినట్టు ఊద లేచింది. అయ్య మళ్లీ ఆడవాళ్లను పిలవడానికి వీధులు తిరిగాడు.

అంతకంటే నన్ను కలచివేసింది ఇంకొకటి. ఒక సార్వాలో పొద్దున చల్లారు, రాత్రికి కుండపోత వాన. గట్లు మునుగుతున్నాయని ఎవరో తూము తీసేశారు. మా చేని నీళ్లు పల్లంలోని గుంటలోకి వెళ్లాయి. ఆ గుంటలో పక్క వీధివాళ్లు ఇంటి అవసరానికి కొర్రమీనులు పెంచుకుంటున్నారు. రెండో రోజు పొద్దున చిన్న చేపలు వెల్లకిలా తేలాయి. ఇలాంటి మందులు చేపకు చాలా చెడ్డవి. గుంట యజమాని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. తిట్టలేదు. "నీళ్లు ఆపుకోవాల్సింది అన్నయ్యా" అన్నాడు. అంతే. అయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి మబ్బు చూడకుండా సంచి విప్పడు. చల్లే ముందు గట్టు చుట్టూ నడిచి ఎండ్రకాయల బొరియలన్నీ తొక్కి మూస్తాడు. కలుపు మందు అమ్మే ప్రతి చోటా ధర చెప్పడానికి ముందు ఈ మాట చెప్పాలని నాకుంటుంది. మందు మన చేనిదైనా, నీళ్లు మన ఒక్కరివే కావు.

ఇప్పుడు అయ్య చేతికి రబ్బరు తొడుగులు వచ్చాయి. ఏటా ఒకే మందు వేస్తే దానికి లొంగని కలుపే మిగిలి పెరుగుతుందని తెలిసి, మధ్యమధ్య మందు మారుస్తున్నాడు. నాటేవాళ్లు దొరకని ఏడు దమ్ములో వడ్లు వెదజల్లుతున్నాడు. ఆ ఏడు నాకు పని ఉండదు. వెదజల్లిన వరి మొలకా, కలుపు మొలకా ఒకే పొరలో ఉంటాయి, దానికి వరిని కాపాడే మందు కూడా కలిసిన ప్రెటిలాక్లోర్ వేరే ఉంది. నలభయ్యో రోజున ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఇంకా దిగుతారు, మందుకు తప్పించుకున్న ఊదను ఏరడానికి. అందులో ఒకావిడ, ఒకప్పుడు వరిని పీకేసి తిట్లు తిన్న ఆ పిల్లే. ఆవిడ కూడా బొటనవేలితోనే తడుముతుంది.

ఇన్నేళ్ల ఇసుక రాపిడికి నా మీద చుక్కలు అరిగిపోయాయి. తేదీ ఎప్పుడో పోయింది. పేరులో మొదటి అక్షరం ఒక్కటే ఏటవాలుగా వెలుగు పడితే కనిపిస్తుంది.

మొన్న సెలవులకు మనవరాలొచ్చింది. పాకలోకి వచ్చి, ముంగాళ్ల మీద నిలబడి నన్ను మేకు నుంచి దించి, పెరట్లో మందారాలన్నీ కోసి నాలో నింపుకుని వంటింటి వైపు పరుగెత్తింది. ఎనిమిది అడుగులు వెళ్లాను. గుమ్మం కనిపించింది, లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి ఒక్క ఉదుటున లేచింది. పిల్ల చేతుల్లోంచి నన్ను తీసుకుని, పూలన్నీ అరటిచెట్టు మొదట్లో గుమ్మరించి, పిల్ల చేతులు సబ్బు పెట్టి మోచేతుల దాకా కడిగింది.

"ఎందుకు నానమ్మా? దీని మీద ఏదో అక్షరం ఉంది."

"నాదేనమ్మా" అంది అమ్మ. నన్ను కొంగుకు తగలకుండా దూరంగా పట్టుకుని, పాకలోకి నడిచి, బెజ్జం చూసుకుని, మేకుకు తగిలించింది.