‘ఇక ఇక్కడ ఉండను’: టీకా తాత్పర్య సహితము

మూలము: “ఈ దేశం బాగుపడదు. ఇక ఇక్కడ ఉండను. నా కొత్త అడ్రసు బయోలో ఉంది.”

అవతారిక. ఇది ఏ ఒక్కరి రచనా కాదు. ఎక్స్‌లో రోజూ రాజకీయాలు మాట్లాడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పెట్టే పోస్టుల్ని వడగట్టగా మిగిలిన పాఠమిది. కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు, 280 అక్షరాలు దాటకూడదన్న నియమం మాత్రం ఉంది. దీనికి పూర్వవ్యాఖ్యాతలు కూడా ఉన్నారు, అంటే కింద కామెంట్లు పెట్టినవాళ్ళు. వారిలో కొందరు దీన్ని అలక అన్నారు, కొందరు పలాయనం అన్నారు, అత్యధికులు ‘వారం తిరక్కుండా వస్తాడులే’ అని హాస్యరసంగా నిర్ణయించారు. అందరూ మొదటి రెండు వాక్యాల దగ్గరే చతికిలబడినవాళ్ళే. ఈ టీకాకారుడి మతం వేరు. ఇందులో ఉన్న రాజకీయమంతా మూడో వాక్యంలో ఉంది. మాట్లాడే హక్కును ఎవరైనా ఇస్తామంటారు. వినేవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళిపోయే హక్కును ఇచ్చేవాళ్ళే అరుదు. వికేంద్రీకృత సోషల్ మీడియా దగ్గర ఉన్న అసలు సరుకు ఆ రెండోదే, అది కూడా ఇంకా అరకొరగానే అందుతోంది అన్నది సిద్ధాంతం.

ప్రథమ వాక్యం. ‘ఈ దేశం’ అనగా సందర్భాన్ని బట్టి దేశమైనా, రాష్ట్రమైనా, వార్డైనా కావచ్చును. ‘బాగుపడదు’ అనగా నేను ఓటేసిన పార్టీ ఓడిపోయినది అని భావము. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 సీట్లు వచ్చినప్పుడు ఈ వాక్యం ఒక పక్షం వారి నోట వినబడింది. 2024లో తెలుగుదేశం కూటమికి 164 వచ్చి అదే వైఎస్సార్ కాంగ్రెస్ 11కు పడిపోయినప్పుడు అక్షరం మారకుండా అవతలి పక్షం నోటికి చేరింది. కాబట్టి ఈ వాక్యానికి అర్థం వెతకడం కంటే, ఇది ఎవరిని ఉద్దేశించి అన్నదో చూడటం మేలు. పాఠకుణ్ణి ఉద్దేశించి కాదు. 2023లో ట్విట్టర్ (నేటి ఎక్స్) తన సిఫారసు యంత్రం కోడ్‌లో కొంత భాగాన్ని బయటపెట్టింది. అందులో ఒక పోస్టుకు లైకు వచ్చే అవకాశానికి వేసిన తూకం 0.5, జవాబు వచ్చే అవకాశానికి 13.5, ఆ జవాబుకు పోస్టు పెట్టిన మనిషి తిరిగి స్పందించే అవకాశానికి 75. అంటే ఒప్పుకుని ఊరుకున్న పది మంది కంటే వాదనకు దిగిన ఒక్కడు ఎక్కువ, వాడితో తిరిగి తగాదా పెట్టుకుంటే మరీ ఎక్కువ. ఇంత బాహాటంగా తూకాలు రాసిపెట్టిన చోట ‘ఈ దేశం బాగుపడదు’ అనకుండా ‘జిల్లా ఆసుపత్రి బడ్జెట్‌లో ఫలానా పద్దు తగ్గింది’ అని రాసేవాడికి ఎంత ఓపిక ఉండాలి! మనుషులు సహజంగానే గొంతు పెంచుతారన్నది నిజమే. అయితే పెంచిన గొంతుకే మైకు అందించే ఏర్పాటు సహజమైనది కాదు, ఒకరు కూర్చుని చేసినది.

‘ఇక’ అనునది కాలవాచకము. ఆ కాలం ఎప్పుడెప్పుడు వచ్చిందో చూస్తే కర్త మనసు తెలుస్తుంది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. 1936 నాటి హాంబర్గ్ నౌకానిర్మాణశాల ఫొటోలో, చుట్టూ అందరూ నాజీ వందనం చేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడిన ఒక్క మనిషి బొమ్మను పెట్టుకున్నందుకు. నవంబరులో మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్ అనే వికేంద్రీకృత నెట్‌వర్క్‌లో ఖాతాలు తెరిచారు. 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నాక రెండో అల. 2024 ఆగస్టు చివర బ్రెజిల్ సుప్రీంకోర్టు ఎక్స్‌ను నిషేధించినప్పుడు లక్షల మంది బ్లూస్కై అనే మరో వికేంద్రీకృత వేదికకు వెళ్ళారు. ఆ నవంబరులో అమెరికా ఎన్నికల తర్వాత మరో అల వచ్చి, 2025 జనవరికి అక్కడి ఖాతాలు మూడు కోట్లయ్యాయి. ఈ నాలుగు సార్లలో ఒక్కసారి కూడా జనం కొత్త చోటి సాంకేతిక సౌందర్యానికి ముగ్ధులై కదలలేదు. పాత చోట యజమాని ఏదో చేశాడు, లేదా యజమానికీ కోర్టుకూ చెడింది. కనుక ‘ఇక’ అనే మాటలో ధ్వనించేది యజమానే. దేశం కేవలం వాచ్యార్థం.

‘ఇక్కడ ఉండను’. ఉండనన్నవాడు ఎక్కడికి పోతున్నాడు? మాస్టోడాన్ అనేది ఒక సైటు కాదు. 2016లో ఆయిగెన్ రోచ్‌కో అనే జర్మనీ యువకుడు విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని, తమ నియమాలు తాము రాసుకోవచ్చు. ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్, దాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ఆమోదించింది. ఇక్కడ పోస్టులు వచ్చిన వరుసలోనే కనబడతాయి, తూకం వేసే యంత్రం లేదు. ఒకరి పోస్టును ఉటంకించి పైన మన వెక్కిరింత తగిలించే కోట్ సదుపాయాన్ని రోచ్‌కో చాలా ఏళ్ళు కావాలనే పెట్టలేదు. ఎదుటివాడితో మాట్లాడకుండా వాడిని తన జనానికి చూపించి నవ్వించడానికే అది పనికొస్తుందని ఆయన వాదన. 2025లో పెట్టారు గానీ, మూలకర్త అనుమతి ఉంటేనే కుదిరేలా, తర్వాత ఉపసంహరించుకునేలా పెట్టారు. ఈ చిన్న సదుపాయం మీద ఇంత వ్యాఖ్య దేనికంటారా? మన రోజువారీ రాజకీయ చర్చలో సగం కోట్ పోస్టే కనుక. వాదం ఎవరితోనో ఉంటుంది, చప్పట్లు ఇంకెవరివో.

అట్లని అక్కడ అంతా ప్రశాంతం అనుకుంటే పొరపాటు. మాస్టోడాన్‌లో పోస్టు పైన హెచ్చరిక తగిలించి, అసలు మాటను తెర వెనక దాచే ఏర్పాటు ఉంది. అమెరికా రాజకీయమైతే హెచ్చరిక పెట్టి దాచడం పాతకాపుల మర్యాద. 2022లో కొత్తగా వచ్చిన నల్లజాతి వినియోగదారులు తాము ఎదుర్కొనే జాతి వివక్ష గురించి రాసినప్పుడు కూడా ‘దయచేసి హెచ్చరిక పెట్టండి’ అన్న సలహాలు వచ్చాయి. తమ బతుకే ఇతరులకు ఇబ్బందికర విషయమా అని వాళ్ళు నిలదీశారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు నేటికీ లేదు. ఏది రాజకీయం, ఏది మామూలు మాట అని గీత గీసే అధికారం యంత్రం చేతిలోంచి పోయింది కానీ మాయమవలేదు, ఇరుగుపొరుగు చేతిలోకి వచ్చింది. అగ్రహారపు అరుగు మీద ఏ మాట మర్యాద, ఏ మాట కాదు అని తేల్చిన చరిత్ర ఉన్న మనకు ఇందులో వింత లేదు.

ఇచట పూర్వపక్షము: అడిగేవాడు లేకపోతే విద్వేషం రాజ్యమేలదా? దీనికి దృష్టాంతం దొరుకుతుంది. అమెరికాలో తీవ్ర మితవాదుల అడ్డాగా పేరుబడ్డ గ్యాబ్ 2019 జులైలో మాస్టోడాన్ కోడ్ మీదికి మారింది. కోడ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఆపే హక్కు రోచ్‌కోకు సైతం లేదు. అయితే మిగతా సర్వర్లు వరుసపెట్టి గ్యాబ్‌తో సంబంధం తెంచుకున్నాయి, కొన్ని ఫోన్ యాప్‌లు దాన్ని తెరవనివ్వలేదు. ట్రంప్ వారి ట్రూత్ సోషల్ కూడా ఇదే కోడ్‌ను 2021లో చెప్పకుండా వాడుకుని, లైసెన్సు ఉల్లంఘన అని నిలదీశాక మూలకోడ్‌ను ప్రకటించాల్సి వచ్చింది. గ్యాబ్ నోరు ఎవరూ మూయలేదు, వినాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేకపోయింది. వాక్‌స్వేచ్ఛ అంటే శ్రోతల్ని సరఫరా చేయడం అనుకునేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. నాకు తోచదు.

తృతీయ వాక్యం. ‘నా’ అన్నది షష్ఠీ విభక్తి. గొడవంతా దాని దగ్గరే. 2022 డిసెంబరు 18న ట్విట్టర్ ఒక నియమం ప్రకటించింది: మాస్టోడాన్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూత్ సోషల్ వంటి ఇతర వేదికల చిరునామాలు పోస్టుల్లో గానీ బయోలో గానీ పెట్టి ఉచిత ప్రచారం చేయరాదు. గోల పుట్టి ఒక్కరోజులోనే వెనక్కి తీసుకున్నారు. అయినా ఈ టీకాకారుడికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం అక్కర్లేదు. ‘ఈ దేశం బాగుపడదు’ అంటే యజమానికి ఇబ్బంది లేదు, పైగా తూకం పెరుగుతుంది. ‘ఇక్కడ ఉండను’ అన్నా నవ్వి ఊరుకుంటాడు. ‘అడ్రసు బయోలో ఉంది’ అన్నప్పుడే నియమం పుట్టింది. ఎందుకంటే అప్పటికే కొన్ని పరికరాలు మీరు అనుసరించేవారి బయోలన్నీ వెతికి, వారి కొత్త చిరునామాల జాబితా చేతికిస్తున్నాయి. ఒక్కడు పోతే లెక్క కాదు, వాడితో వాడి శ్రోతలు పోతే లెక్క.

‘కొత్త అడ్రసు’ దగ్గర పూర్వపక్షి మళ్ళీ లేస్తాడు: పాత యజమాని పోయి కొత్త యజమాని వచ్చాడు, అంతే కదా? సర్వర్ నడిపేవాడికి విసుగొస్తే మూసేస్తాడు, కోపమొస్తే గెంటేస్తాడు, పక్క సర్వర్‌తో పడకపోతే మీ స్నేహితులందరూ ఒక్క రాత్రిలో మాయమవుతారు. నిజమే, ఒప్పుకోవలసిందే. అద్దె ఇల్లు ఎక్కడైనా అద్దె ఇల్లే. తేడా ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది. మాస్టోడాన్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే మీ అనుచరులు వాళ్ళంతట వాళ్ళే మీ వెంట వస్తారు. పాత పోస్టులు రావు, అవి ఆ గోడల మీదే ఉండిపోతాయి. ఇంకో చిక్కుంది. ‘ఈయన ఫలానా చోటికి మారాడు’ అని చెప్పాల్సింది పాత సర్వరే. అది హఠాత్తుగా ఆగిపోతే చెప్పేవారు లేరు. బ్లూస్కై వారి ఏటీ ప్రోటోకాల్ ఈ లోటు పూడ్చాలని మనిషి గుర్తింపును సర్వర్ నుంచి విడదీసింది, పోస్టులు కూడా వెంట తెచ్చుకోవచ్చు. అక్కడ చిక్కు మరోలా ఉంది. జనంలో అత్యధికులు ఆ కంపెనీ సొంత సర్వర్లలోనే ఉన్నారు. తలుపు ఉంది కానీ దాని గుండా వెళ్ళినవారు బహు కొద్దిమంది. వాడని హక్కు విలువ సున్నా కాదు, పోగలడని తెలిసిన అద్దెదారుతో యజమాని మాట తీరు వేరుగా ఉంటుంది. అసలు తలుపే లేనప్పుడు ఏమవుతుందో మనవాళ్ళకు తెలుసు: భారతీయ భాషల వేదికగా, తెలుగుతో సహా, పేరు తెచ్చుకున్న కూ 2024 జులైలో మూతబడింది. మంత్రులూ అభిమానులూ పోగేసుకున్న అనుచరగణాన్ని మరో చోటికి మోసుకుపోయే మార్గం లేకపోయింది. దేశీయం కావడం వేరు, వికేంద్రీకృతం కావడం వేరు. అప్పట్లో ఆ రెండూ ఒకటే అన్నట్టు ప్రసంగాలు సాగాయి.

మరొక శంక: ఇంతా చేసి అక్కడ ఎవరున్నారు? తెలుగులో రాజకీయం వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళలో నడుస్తోంది. యంత్రం సిఫారసు లేని చోట కొత్తగా తెలుగులో రాసేవాడు ఎవరికి కనబడతాడు? ఈ శంకకు పూర్తి సమాధానం నా దగ్గర లేదు. 2019లో వెళ్ళినవారిలో చాలామంది తిరిగొచ్చింది ఇందుకే. శ్రోతలు రాలేదు, శ్రోతలు లేని రాజకీయ వ్యాఖ్య డైరీ అవుతుంది. అయితే ట్విట్టర్ నుంచి మాస్టోడాన్‌కు అనుచరుల్ని తరలించే దారి లేకనే వాళ్ళు ఒంటరిగా మిగిలారు. వికేంద్రీకరణ వల్ల వచ్చిన ఒంటరితనం కాదది, వదిలి వచ్చిన చోట అది లేకపోవడం వల్ల వచ్చినది.

‘ఉంది’ అనునది క్రియ, వర్తమానకాలము. ఎంతకాలం ఉంటుంది అన్నది రాజ్యం మీద కూడా ఆధారపడుతుంది. మన ఐటీ చట్టంలో అభ్యంతరకరమైన ఆన్‌లైన్ రాతలను నేరం చేసిన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కానీ, అదే తీర్పులో 69ఏను నిలిపింది. ఆ సెక్షన్ కింద ప్రభుత్వం వేదికలకు ‘ఇది తీసేయండి’ అని ఆదేశం పంపుతుంది. 2021 ఐటీ నియమాలు 50 లక్షల రిజిస్టర్డ్ వినియోగదారులు దాటిన సంస్థలపై అదనపు బాధ్యతలు మోపాయి. వెయ్యిమంది ఉన్న సర్వర్ ఆ మెట్టు కింద ఉంటుంది, కానీ దాన్ని నడిపేవాడికి లాయరూ ఉండడు, గ్రీవెన్స్ ఆఫీసరూ ఉండడు, నోటీసు వస్తే రాత్రికి రాత్రి సర్వర్ ఆపేసి నిద్రపోతాడు. బ్లూస్కై 2025లో టర్కీ ప్రభుత్వం కోరగా కొన్ని ఖాతాలను ఆ దేశంలో కనబడకుండా చేసింది. అదే ఏడు ఆగస్టులో వయసు ధ్రువీకరణ చట్టం భారం మోయలేమంటూ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి సేవలే ఆపేసింది. క్వీర్ డాట్ ఏఎఫ్ అనే మాస్టోడాన్ సర్వర్ సంగతి మరీ విచిత్రం. ఏఎఫ్ అనేది అఫ్గానిస్తాన్ దేశపు డొమైన్, పేరు చమత్కారంగా ఉందని తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో తాలిబాన్ ప్రభుత్వం ఆ డొమైన్‌ను రద్దు చేసింది. సర్వర్‌లోని పోస్టులు అప్పటికి ఎక్కడివక్కడే ఉన్నాయి, అడ్రసు మాత్రం పోయింది.