ఎనభై తొమ్మిది మోడలు బావ

మా అప్ప మొగుడికి ఆర్‌ఎక్స్ 100 కావాలి. ఈ కోరిక ఎప్పుడు పుట్టిందో అప్పకి తెలీదు గానీ, పెళ్లిచూపులకి వచ్చిన రోజే మా వీధిలో నిలబెట్టిన ఒక బండి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి ఆ తర్వాతే పిల్లని చూశాడని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఇంతవరకూ కొనలేదు. డబ్బుల్లేకా కాదు, బళ్లు దొరక్కా కాదు. ఏ సంవత్సరం మోడలు కొనాలో తేలక.

ఇలాంటాయన మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. మీ ఆయన బుల్లెట్ కోసం తిరుగుతుండొచ్చు, పాత జీపు కోసం తిరుగుతుండొచ్చు. జబ్బు మాత్రం ఒకటే.

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. మామూలు మనిషి కంటికి అదంతా ఒకటే బండి: 98 సీసీ, టూ స్ట్రోక్, 11 హార్స్‌పవర్, వెనకాల నీలం పొగ. మా బావకి మాత్రం ఏడాదికొకటి చొప్పున పన్నెండు వేర్వేరు బళ్లు. మొదట్లో జపాన్ నుంచి వచ్చిన సామాన్లతో ఇక్కడ బిగించారు కదా, అందుకని ఎనభై ఐదు మోడలు పేరెత్తితే గొంతు తగ్గించి మాట్లాడతాడు. కొంటావా బావా అంటే మాత్రం, "జపాన్ సరుకే, కాదన్నానేటి? నలభై ఏళ్ల ఇనుంరా అది, సామాన్లు ఎవడిస్తాడు?" పోనీ తొంభై ఆరు? "ఆకర్న వచ్చినవి. పెళ్లిలో ఆకరి బంతికి కూర్చున్నావనుకో, సాంబారు ఎలాగుంటాది?"

ఇటు రెండేళ్లు, అటు మూడేళ్లు కొట్టేసుకుంటూ వచ్చి చివరికి ఎనభై తొమ్మిది దగ్గర నిలబడ్డాడు. హమ్మయ్య అనుకున్నాం. అక్కడే అసలు కథ మొదలైంది. ఎనభై తొమ్మిదంటే తయారీ సంవత్సరమా, రిజిస్ట్రేషన్ సంవత్సరమా? ఆర్‌సీలో తయారైన నెల వేరే ఉంటుంది. షోరూంలో బండి ఎన్నాళ్లు నిలబడిందో ఎవడికి తెలుసు? పైగా రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి అయిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అంటే 2004, 2009, 2014, 2019, 2024. ఈ అంకెలు ఎక్కంలా అప్పజెప్తాడు. మా మేనకోడలి పుట్టినరోజు అడిగితే మాత్రం అప్ప వైపు చూస్తాడు.

మోడలు కుదిరితే ఊరు కుదరదు. కళింగపట్నం, బారువ, భావనపాడు బళ్లు పనికిరావు, ఉప్పు గాలికి రిమ్ములు తుప్పు పట్టేస్తాయి. పార్వతీపురం, సాలూరు వైపు తుప్పుండదు గానీ, కొండలెక్కిన బండికి గేరుబాక్సు ఉండదట. విజయనగరం కోట చుట్టూ తిరిగినవి కాలేజీ కుర్రాళ్లు రేజు చేసి చంపేసినవి. పాతపట్నం దాటి పర్లాకిమిడిలో చవగ్గా దొరుకుతాయి, కానీ అవి ఒడిశా నంబర్లు, అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. ఆ ఎన్‌ఓసీ గురించి ఆయన చెప్పే ఉపన్యాసం పూర్తిగా విన్నవాడు మా వంశంలో లేడు.

ఇక బండి చూడ్డానికి వెళ్లే వైభవం చెప్పాలి. వెళ్లేది అప్ప యాక్టివా మీద. జేబులో పెన్సిలు, పల్చటి కాగితం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతాడు. '1ఎల్1' అని మొదలవ్వాలి, అంకెలు మళ్లీ కొట్టినట్టు ఉండకూడదు. తర్వాత పరీక్ష: బోరు ఎన్నిసార్లు చేయించారు? 135 బ్లాకు గానీ ఎక్కించారేటి? ధర మాత్రం అడగడు. పలాసలో ఒకాయన బండి 2018 తిత్లీ తుపానుకి కూలిన షెడ్డు కింద పడుంది. పాపం, ఆయన రేకులు లాగి, దుమ్ము దులిపి, పెట్రోలు పోసి కొడితే కాసేపటికి అందుకుంది. వీధి వీధంతా చప్పట్లు. బావ ముక్కు మీద వేలేసుకుని, "స్టార్టవడం పెద్ద విషయం కాదండీ, మోడలు తొంభై మూడు కదా" అని యాక్టివా ఎక్కేశాడు. వెనకాల కూర్చున్న నేను ఆ పలాసాయనకి దణ్ణం పెట్టి వచ్చాను.

ఈ రోగం బండితో ఆగితే బాగుండేది. మా చెల్లికి సంబంధం వస్తే, అబ్బాయి జీతం, గోత్రం అందరూ అడిగారు. ఈయన, "బీటెక్ ఏ సంవత్సరం బ్యాచి?" అన్నాడు. అబ్బాయి చెప్పాక కాసేపు ఆలోచించి "పర్లేదు" అన్నాడు. ఆ పర్లేదు వెనకాల ఏముందోనని మా నాన్న వారం రోజులు నిద్రపోలేదు.

అయినా ఒక మాట చెప్పుకోవాలి. బండి కొనే కుర్రాడు ఎవడొచ్చినా అన్నం ముందునుంచి లేచి వెళ్తాడు, వాణ్ని మోసపోనివ్వడు, టీ డబ్బులు కూడా తనే ఇస్తాడు. ఆయన చూసిపెట్టిన బళ్లు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో తిరుగుతుంటే శబ్దం విని ఎవడిదో చెప్తాడు. 2018లో ఆర్‌ఎక్స్ 100 అని సినిమా వచ్చినప్పుడు ధరలు పెంచేశారని సినిమావాళ్ల మీద కోపం, అయినా మొదటి ఆట చూశాడు. 2019లో జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చినప్పుడు మాత్రం నిజంగా దిగులుపడ్డాడు. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం అని దూరం నుంచే ఊరు చెప్పే విద్య కొత్త బళ్ల దగ్గర పనికిరాకుండా పోయింది. నాకూ చిన్న వెలితిగానే అనిపించింది. ఈమధ్య సిగ్నల్ దగ్గర ముందున్న బండి ఏ ఏడాదిదా అని తల వంచి చూస్తున్నాను. హారన్లు కొడుతున్నారు.

మొన్న సంక్రాంతికి రాజాంలో దొరికింది. ఒకటే చెయ్యి, రిటైరైన మేస్టారు, ఆర్‌సీలో ఐదు రెన్యువళ్లూ ఉన్నాయి, తయారీ ఎనభై తొమ్మిది నవంబరు. రిజిస్ట్రేషన్ తొంభై జనవరి. బావ కళ్లలో నీళ్లొచ్చాయి. "ఎనభై తొమ్మిది మోడలండీ" అన్నాడు.

"తొంభై" అన్నారు మేస్టారు.

"తయారీ సూడండి మేస్టారూ."

"రిజిస్ట్రేషన్ చూడవయ్యా. ఇన్నేళ్లూ తొంభై మోడలని తుడిచాను."

మధ్యాహ్నం మొదలైన వాదన దీపాలు పెట్టేదాకా సాగింది. తొంభై అని ఒప్పుకున్నవాడికే అమ్ముతానని ఆయన, ఒప్పుకుంటే కొనేదే లేదని ఈయన. అప్పట్నుంచి ప్రతి ఆదివారం బావ రాజాం బస్సెక్కుతున్నాడు. వాదన ముగియదు, ఆఖరి బస్సు వెళ్లిపోతుంది, మేస్టారే తన బండి మీద ఎక్కించుకుని శ్రీకాకుళం తెచ్చి దింపుతున్నారు.

పోయిన వారం ఆ చప్పుడికి అప్ప గబగబా వీధిలోకొచ్చింది. "కొనేసినారేటి?"

"లేదే, మేస్టారు దింపడానికొచ్చారు. కాస్త టీ పెట్టు."

"పెడతాను," అంది అప్ప. "పాలు నిన్న పిండినవి, ఇయ్యాల తెచ్చినవి. ఏ రోజు పాలో ఇద్దరూ ముందు తేల్చండి."