గీత జరిగింది, రియాక్టర్ ఆగలేదు

పీడన జల అణు రియాక్టర్‌లోని ఇంధన కడ్డీ దాదాపు నాలుగు మీటర్ల పొడవుండే సన్నని గొట్టం. జిర్కోనియం మిశ్రమలోహంతో చేసిన దాని గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. లోపల యురేనియం ఆక్సైడ్ గుళికలు పేర్చి ఉంటాయి. విచ్ఛిత్తిలో పుట్టే రేడియోధార్మిక పదార్థాలను ఆపే మొదటి గోడ ఈ తొడుగే. రెండోది రియాక్టర్ పీడన పాత్ర, దాని పైపులు. మూడోది కాంక్రీటు కంటైన్‌మెంట్. తొడుగుకు చిల్లు పడితే ముందుగా జారుకునేవి జెనాన్, క్రిప్టాన్ వంటి జడవాయువులు. అవి సాధారణంగా దేనితోనూ కలవవు, కనుక తేలికగా చిక్కవు. రియాక్టర్‌ను చల్లబరిచే కూలెంట్ నీటిలో వాటి మోతాదు కొలిచి, ఎన్ని కడ్డీలు కారుతున్నాయో మూత తీయకుండానే లెక్కగడతారు. అధికార ప్రకటనల్లో ఈ లెక్కకు ముందు తప్పనిసరిగా కనిపించే మాట ‘సుమారు’.

కడ్డీ కారడం వింతేమీ కాదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే కట్టలను వాడే భారజల రియాక్టర్లలోనైతే, చెడిన కట్టను రియాక్టర్ నడుస్తుండగానే బయటికి తీయవచ్చు. పీడన జల రియాక్టర్‌లో ఆ వీలు లేదు. రియాక్టర్ ఆపాలి, చల్లార్చాలి, మూత తీయాలి. ఆపితే కరెంటు ఆగుతుంది, దాంతోపాటు ఆదాయమూ ఆగుతుంది. నియంత్రణ సంస్థ ‘సమగ్ర పరిశీలన’ సాధారణంగా ఈ దశలోనే మొదలవుతుంది.

ఆ పరిశీలనా విధానానికి ఆదర్శ నమూనా చైనాలోని తైషాన్. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లోని ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 2018 డిసెంబరులో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. ఈపీఆర్ అనే ఫ్రెంచి పీడన జల నమూనాలో ప్రపంచంలోనే ముందుగా నడిచిన యూనిట్ అది. సామర్థ్యం 1,750 మెగావాట్లు. చైనా జనరల్ న్యూక్లియర్ (సీజీఎన్)కు అందులో 51 శాతం వాటా, ఫ్రాన్స్‌కు చెందిన ఈడీఎఫ్‌కు 30 శాతం. కొన్ని కడ్డీలు కారుతున్నాయని ఈడీఎఫ్‌కు 2020 అక్టోబరులోనే తెలిసింది. లోకానికి తెలిసింది 2021 జూన్ 14న, అమెరికా వార్తాసంస్థ సీఎన్‌ఎన్ ద్వారా. మధ్యలో గడిచిన ఎనిమిది నెలలూ రియాక్టర్ నడుస్తూనే ఉంది. బహుశా పరిశీలన కూడా.

విషయం బయటపడిన తీరు చెప్పుకోదగ్గది. ఈడీఎఫ్ అనుబంధ సంస్థ ఫ్రామటోమ్‌కు సమస్య సరిదిద్దడంలో అమెరికా మూలాలున్న సాంకేతికత అవసరమైంది. సీజీఎన్ 2019 నుంచి అమెరికా ఆంక్షల జాబితాలో ఉంది కనుక, ఆ సాంకేతికత వాడాలంటే అమెరికా ఇంధన శాఖ అనుమతి కావాలి. మామూలుగా అడిగితే వచ్చే అనుమతి కాదది. రేడియోధార్మిక ముప్పు ముంచుకొస్తోందని ఫ్రామటోమ్ ఆ శాఖకు రాసినట్టు సీఎన్‌ఎన్ వెల్లడించింది. అదే ఫ్రామటోమ్ విలేఖరులకిచ్చిన ప్రకటనలో కేంద్రం భద్రతా పరిమితుల్లోనే పనిచేస్తోందని, తాము ‘పనితీరు సమస్య’ ఒకటి పరిష్కరిస్తున్నామని తెలిపింది. అనుమతి కావలసిన చోట ముప్పు, ప్రశ్నలు రాకూడని చోట పనితీరు. ఒకే రియాక్టర్, ఒకే నీరు, మారినది చదివేవారే.

చైనా పర్యావరణ మంత్రిత్వ శాఖ, దాని కింది అణు భద్రతా యంత్రాంగం జూన్ 16న వివరణ ఇచ్చాయి. మొత్తం 60,000కు పైగా కడ్డీల్లో సుమారు 5 కడ్డీల తొడుగులు దెబ్బతిన్నాయి. అది 0.01 శాతం కన్నా తక్కువ. డిజైన్‌లో అనుమతించిన గరిష్ఠ పరిమితి 0.25 శాతం. కేంద్రం వెలుపల రేడియోధార్మికత పెరగలేదు. ఈ చివరి మాటను కాదనే ఆధారమేదీ బయటికి రాలేదు. రేడియోధార్మిక ప్రమాదం జరిగిన సూచన లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా అన్నది. కాబట్టి ఇక్కడ చర్చ జనానికి తగిలిన విషం గురించి కాదు, జనానికి చెప్పిన లెక్క గురించి.

ఆ లెక్కలో పనిచేసే సూత్రం ఇది: హారం పెద్దదయ్యేకొద్దీ లవం అమాయకంగా కనబడుతుంది. ఈ రియాక్టర్‌లో 241 కట్టలు, ఒక్కో కట్టలో 265 కడ్డీలు, వెరసి 63,865. అందులో 0.25 శాతమంటే దాదాపు 160. నూటయాభై కడ్డీలు ఒకేసారి కారినా, పత్రికా ప్రకటనలో దాన్ని ‘పరిమితి లోపలే’ అని రాయవచ్చు. 2021 ఏప్రిల్‌లో అదే యూనిట్ నుంచి కొద్దిపాటి వాయువు వెలువడినప్పుడు అది వార్షిక పరిమితిలో 0.00044 శాతమని ప్రకటించారు. దశాంశ బిందువు తర్వాత అన్ని సున్నాలుంటే పాఠకుడు అంకె దాకా వెళ్లడు.

శాతం ఊరట ఇవ్వలేని చోట పరిమితినే మార్చవలసి వస్తుంది. కేంద్రం వెలుపలి రేడియోధార్మికతకు అనుమతించే పరిమితిని నియంత్రణ సంస్థ పెంచుతోందన్నది ఫ్రామటోమ్ లేఖలో ఉన్నట్టు చెప్పిన ఆరోపణ. దీన్ని మంత్రిత్వ శాఖ గట్టిగా ఖండించింది. తాము సమీక్షించి ఆమోదించినది కూలెంట్‌లోని జడవాయువుల పరిమితిని మాత్రమేనని, దానికి బయటి కొలతలతో సంబంధం లేదని స్పష్టం చేసింది. అంటే పరిమితి గీత జరిగిందనే మాటకు ఖండన లేదు. ఖండనంతా అది ఎక్కడి గీత అనే దానికే. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. నీరు 42 దాటుతుండగా ఆ గీతను 50కి జరిపే ఇంజనీరును ఎవరూ నిపుణుడని పిలవరు. అణు రంగంలో ఆ పనికి ‘పరిమితి సవరణ’ అని పేరుంది, ఫైలు ఉంది, ఆమోదముద్ర ఉంది. పెంచిన పరిమితీ సురక్షితమేనని చూపే గణితం ఫైల్లో ఉండే ఉంటుంది. ఆ గణితం రియాక్టర్ కట్టేనాడు ఎందుకు కనిపించలేదో, నీటిలో జెనాన్ పెరిగాకే ఎందుకు స్ఫురించిందో వివరణలో లేదు.

జూలై 22న ఈడీఎఫ్ ఒక ప్రకటన చేసింది. ఇదే పరిస్థితి ఫ్రాన్స్‌లో ఎదురైతే, తమ నిర్వహణ పద్ధతుల ప్రకారం రియాక్టర్ ఆపి, స్థితిని కచ్చితంగా అంచనా వేసి, మరింత చెడకుండా చూసేవారమని అందులో ఉంది. తైషాన్‌లో మాత్రం నిర్ణయం అక్కడి ఉమ్మడి సంస్థదే అని చేర్చింది. ఆ ఉమ్మడి సంస్థలో 30 శాతం ఎవరిదో ముందే చూశాం. చిల్లుపడ్డ తొడుగుకు పౌరసత్వం ఉంటుందని, ఫ్రాన్స్‌లో ఆపదగినది గ్వాంగ్‌డాంగ్‌లో నడపదగినదని అణు భౌతికశాస్త్ర పుస్తకాలు ఇంకా రాసుకోవలసి ఉంది.

ఎనిమిది రోజుల తర్వాత, జూలై 30న, సీజీఎన్ రియాక్టర్ ఆపింది. ఆ ప్రకటనా అంతే అందమైనది. నష్టం స్వల్పం, అంతా అనుమతించిన పరిధిలోనే ఉంది, యూనిట్ స్థిరంగా నడవగలదు. అయినా భద్రతకే పెద్దపీట వేసి ఆపుతున్నాం. ఆపనక్కర్లేని దాన్ని ఆపినందుకు మెప్పు కూడా దక్కాలన్నమాట. కట్టల్లోని కొన్ని భాగాలు యాంత్రికంగా అరిగిపోయాయని, ఇలాంటి అరుగుదల ఫ్రాన్స్‌లోని పలు రియాక్టర్లలో ఇంతకుముందే చూసినదని 2022 జనవరిలో ఈడీఎఫ్ తెలిపింది. ముందే తెలిసిన జబ్బు కాబట్టి నిర్ధారణకు ఎక్కువ కాలం పట్టకూడదు. స్వల్ప నష్టమున్న, స్థిరంగా నడవగల ఆ యూనిట్ తిరిగి నడిచింది 2022 ఆగస్టులో, అంటే ఏడాది దాటాక.

మహారాష్ట్రలోని జైతాపూర్‌లో ఇదే నమూనా రియాక్టర్లు ఆరింటిని నెలకొల్పే ప్రతిపాదన ఉంది. తైషాన్ కడ్డీల సంగతి తెలిసి ఆరు నెలలు నిండిన 2021 ఏప్రిల్‌లోనే ఈడీఎఫ్ భారత అణువిద్యుత్ సంస్థకు తన సాంకేతిక వాణిజ్య ప్రతిపాదన సమర్పించింది. ఆరు రియాక్టర్లలో కలిపి కడ్డీలు 3,83,190 అవుతాయి. తైషాన్ పరిమితినే అక్కడా రాసుకుంటే, 957 కడ్డీలు కారుతున్నా రికార్డుల్లో అంతా సవ్యంగానే ఉంటుంది. 958వ కడ్డీ కారిన రోజున పరిశీలన మొదలవుతుంది.